క్యాజువల్ పని ఇక్కడే ఖాయం చేసుకుని ఆస్ట్రేలియా వెళ్లాలా, దిగాక వెతుక్కోవాలా?

టెక్కలి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. బీఎస్సీ అయింది, వయసు 24. ఆస్ట్రేలియా వాళ్ల వర్క్ అండ్ హాలిడే వీసా, 462 అంటారు కదా, దాని బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, నా పేరు తగిలింది. మన దేశానికి ఏడాదికి వెయ్యి వీసాలే కాబట్టి ఇంట్లో అందరికీ సంతోషమే. 28 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఏడాది పాటు తిరుగుతూ, మధ్యమధ్యలో పనులు చేసుకుంటూ ఖర్చులు వెళ్లదీసుకోవచ్చు. గొడవంతా ఆ పని దగ్గరే వచ్చింది. శ్రీకాకుళంలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడున్నర లక్షలు కడితే తోటలో పని, ఉండడానికి గది ఇక్కడి నుంచే ఖాయం చేసి పంపుతామంటున్నారు. నాన్న కట్టేద్దామంటున్నారు. మామయ్య మాత్రం పైసా కట్టొద్దు, దిగాక వెతుక్కోమంటున్నాడు. ఇద్దరికీ రెండు రోజులుగా మాటల్లేవు. వెళ్లినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు చెప్పండి.

భావనపాడు అల:
నేను మీ నాన్నగారి పక్షం. మా నాన్న ఏటా గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి చేపల బోట్ల మీద చేసేవారు. ఏ బోటు, తండేలు (బోటు పెద్ద) ఎవరు, సీజన్‌కి ఎంత, అన్నీ ఊళ్లోనే మాట అయ్యేవి. అడ్వాన్సు అమ్మ చేతిలో పెట్టాకే రైలెక్కేవారు. పని తెలియకుండా బయల్దేరిన మనిషి మా పేటలో లేడు. 2018 నవంబరులో మన మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్లు పట్టుకుంటే 2020 జనవరి దాకా వదల్లేదు. పరాయి చోట చిక్కుకుంటే ఇంటి దగ్గర ఆడవాళ్లు ఎలా బతుకుతారో మా వైపు అందరికీ తెలుసు. అంత దూరం పోయేటప్పుడు ‘దిగాక చూసుకుందాం’ అనడం నాకు మింగుడుపడదు. సిడ్నీలో మేనమామ ఉన్నవాళ్లకి సరిపోతుంది ఆ మాట. మనకెవరున్నారు?

నాగావళి నుంచి మిల్డురాకి:
తమ్ముడూ, నేను ఈ వీసా మీదే వచ్చాను. మాది ఆమదాలవలస వైపు. ఇప్పుడు విక్టోరియాలో మిల్డురా దగ్గర ద్రాక్ష తోటల్లో చేస్తున్నాను. అంతకు ముందు క్వీన్స్‌ల్యాండ్‌లో చేశాను. ఆ మూడున్నర లక్షలు కట్టొద్దు.

ఇక్కడ పని ఎలా పుడుతుందో చెబుతాను. కాయ రంగు తిరిగాక, వాన ఎప్పుడుందో చూసుకుని, తోట యజమాని ‘సోమవారం నుంచి ఇంతమంది కావాలి’ అంటాడు. రెండు వారాల ముందు అడిగితే ఆయనకే తెలియదు. వాన పడితే ఆ రోజు పని లేదు, డబ్బూ లేదు. క్యాజువల్, అంటే పని ఉన్న రోజే పిలిచే వాళ్లకి సెలవు జీతం, జ్వరమొస్తే జీతం ఉండవు. వాటికి బదులుగా గంట రేటు మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలని చట్టం. 2025 జులైలో కనీస వేతనం గంటకు 24.95 ఆస్ట్రేలియా డాలర్లు అయింది, ఆ 25 శాతం కలిపితే 31 డాలర్లు దాటింది. రేపటి పని సంగతి యజమానికే తెలియనప్పుడు, ఆరు నెలల ముందు శ్రీకాకుళంలో కూర్చుని ఖాయం చేసేదెవరు? ఈ వీసా మీద మామూలుగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి చేయకూడదన్న నియమం ఉంది, తోట పనికి మాత్రం మినహాయింపు ఉంది. అయినా ఏడాది మొత్తానికి పని ఖాయం అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

భావనపాడు అన్నయ్య చెప్పిన వీరావల్ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ అందులో డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూడండి. తండేలు మీ ఇంటికి అడ్వాన్సు ఇచ్చాడు. చేతి డబ్బు పెట్టాడు కాబట్టి అక్కడ బోటు ఉందని, పని ఉందని నమ్మొచ్చు. మీ నాన్నగారికి ఏదైనా అయితే ఆయన అదే పేటకి తిరిగొచ్చి జవాబు చెప్పుకోవాలి. ఇక్కడ డబ్బు మన ఇంట్లోంచి వాళ్ల దగ్గరికి పోతోంది. కుర్రాడు విమానం ఎక్కాక వాళ్లకి ఇక పోయేదేమీ లేదు. రెండూ ‘ముందే ఖాయం’ కిందికే వస్తాయంటే నేను ఒప్పుకోను.

రాజాం రాజు:
అసలు డిగ్రీ చదివి పరాయి దేశంలో ద్రాక్షలు కోయడానికి వెళ్లడమేమిటి? ఇక్కడ కోచింగ్‌కి వెళ్లి గ్రూప్స్ రాసుకోవచ్చు కదా. ఊళ్లో పరువు అన్నది ఒకటుంది.

నాగావళి నుంచి మిల్డురాకి:
రాజు గారూ, ఈ వీసాకి ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్లు చదివి ఉండాలి. అందుకే ఇక్కడ తోటల్లో ఈ వీసా మీద వచ్చినవాళ్లంతా చదువుకున్నవాళ్లే. ఇక్కడ వరసలో నా పక్కన అర్జెంటీనా నుంచి వచ్చిన టీచరు కోస్తోంది. రెండో ఏడాది వీసా కావాలంటే మొదటి ఏడాదిలో మూడు నెలలు వాళ్లు చెప్పిన ప్రాంతాల్లో, వాళ్లు చెప్పిన రకం పని చేసి తీరాలి. తోట పని అందులో ఒకటి. ఉత్తరాన కెయిర్న్స్ లాంటి ఊళ్లలో హోటల్ పని కూడా లెక్కలోకి వస్తుంది. ఈ పని చేయనని ముందే తీర్మానించుకున్నవాళ్లు ఈ వీసా జోలికి రాకపోవడమే మంచిది.

చీపురుపల్లి అమ్మ:
బాబూ, నేను తల్లిగా రాస్తున్నాను. మా అమ్మాయి కూడా పేరు ఇస్తానంటోంది. మీరు చెప్పిన డబ్బు సంగతి అర్థమైంది. మా దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే డబ్బే గానీ దాచిన డబ్బు లేదు. మూడున్నర లక్షలంటే నెలకి ఏడు వేలు వడ్డీకే పోతుంది. ఖర్చు పెట్టకపోతే నాకూ హాయే. కానీ ఆడపిల్ల తెలియని ఊళ్లో రాత్రిపూట బస్సు దిగి, పని లేక, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్లాల్సి వస్తే? ‘వెతుక్కుంటుంది’ అని రాయడం తేలిక. నేను రాత్రి నిద్రపోవాలి కదా. నన్నడిగితే పని తరువాత సంగతి, పడుకునే చోటు ముందు తేలాలి.

నాగావళి నుంచి మిల్డురాకి:
అమ్మా, మీరన్నదే సరైన వరస. చోటు ముందు, పని తరువాత. మొదటి రెండు వారాలకి పెద్ద ఊళ్లో మంచి హాస్టల్లో మంచం ఇంటి నుంచే బుక్ చేసుకోవచ్చు. ఆడవాళ్లకి విడిగా గదులు ఉంటాయి. ఆ రెండు వారాల్లో బ్యాంకు ఖాతా, సిమ్ము, ట్యాక్స్ ఫైల్ నంబరు (మన పాన్ లాంటిది) చూసుకోవాలి. ఆ నంబరు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. బార్లో చేయాలంటే మద్యం వడ్డించే సర్టిఫికెట్, కట్టడం పనికైతే వైట్ కార్డ్ చేయించుకోవాలి. తరువాత పగటిపూట బయల్దేరి పల్లె వైపు వెళ్లాలి.

ఒక్క జాగ్రత్త. తోటల ఊళ్లలో ‘వర్కింగ్ హాస్టల్’ అని ఉంటాయి. మంచం తీసుకుంటే పని చూపిస్తామంటారు. కొన్ని బాగా నడుస్తాయి. కొన్నింటిలో వారం వారం అద్దె వసూలు చేస్తారు, పని మాత్రం ‘వచ్చే వారం’ అంటూనే ఉంటారు. నాకు తెలిసిన అమ్మాయిలు కొందరు అలాంటి దాంట్లో ఇరుక్కుని, అద్దె బాకీ పడి కదల్లేకపోయారు. నెల అద్దె ముందుగా ఇవ్వకూడదు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. కాపీ చాలు.

పలాస పిక్కలు:
నాదొక అనుమానం. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసేది. కిలో లెక్కన డబ్బులు. పిక్క మంచిది కాకపోతే పొద్దంతా కూర్చున్నా చేతికి ఏమీ వచ్చేది కాదు. అక్కడా బిన్ను లెక్క, బకెట్ లెక్క అని విన్నాను. గంటకి 31 డాలర్లు అన్నది కాగితం మీది మాటేనేమో?

నాగావళి నుంచి మిల్డురాకి:
చాలా ముఖ్యమైన మాట అడిగారు. బకెట్ లెక్క ఉంది. 2022 ఏప్రిల్ 28 దాకా కొత్తవాళ్లు దాంతో దారుణంగా నష్టపోయేవారు. ఆ రోజు నుంచి తోట పనుల వేతన నిబంధనలు మార్చారు. ఎన్ని బకెట్లు నిండినా నిండకపోయినా, పనిచేసిన గంటలకి కనీస వేతనం తగ్గకుండా ఇవ్వాలి. యజమాని గంటలు రాసిపెట్టాలి. అందుకే కోసిన బకెట్లతో పాటు మనం పని మొదలుపెట్టిన టైము, ఆపిన టైము ఫోన్లో రాసుకోవాలి. నేను ఇప్పటికీ రాసుకుంటాను. తక్కువిస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అని ప్రభుత్వ కార్యాలయం ఉంది, ఫిర్యాదుకి ఖర్చు లేదు.

పన్ను కూడా చెప్పాలి. ఈ వీసా వాళ్లకి మొదటి డాలరు నుంచే 15 శాతం కోస్తారు, 45,000 డాలర్ల దాకా. ఇంటికి ఎంత పంపగలమో లెక్క వేసుకునేటప్పుడు ఇది మరిచిపోతే తరువాత బాధ. యజమాని మన పేరు మీద కట్టే సూపర్ (మన పీఎఫ్ లాంటిది) డబ్బులోనూ, దేశం వదిలి వచ్చేటప్పుడు తీసుకుంటే 65 శాతం పన్నుకే పోతుంది. దాన్ని చూసుకుని అప్పు తీరుస్తామనుకోవద్దు.

విజయనగరం కోట వీధి:
చట్టం వైపు నుంచి రెండు మాటలు. విదేశాల్లో ఉద్యోగం చూపిస్తామని మన దేశంలో ఎవరు డబ్బు తీసుకున్నా, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్లకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నవాళ్ల పేర్లు మన ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా పనివాడి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మూడున్నర లక్షల మాట అక్కడే తేలిపోతుంది. ‘మాది వీసా కన్సల్టెన్సీయే, ఉద్యోగం ఇప్పించం’ అని వాళ్లంటే, మరి పని ఖాయం అన్న మాట దేనికి అన్నారో రాసిమ్మనాలి.

2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మన మూడు జిల్లాల వాళ్లు మరిచిపోకూడదు. డేటా ఎంట్రీ ఉద్యోగం ఖాయమని చెప్పి తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. వెళ్లినవాళ్లెవరూ ‘దిగాక వెతుక్కుందాం’ అనుకుని వెళ్లినవాళ్లు కాదు. ఖాయమన్న మాటే వాళ్లని ముంచింది. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయండి, 1800 11 3090.

భావనపాడు అల:
కన్సల్టెన్సీకి డబ్బు కట్టొద్దన్నది ఒప్పుకుంటున్నాను. నాన్న అడ్వాన్సు తీసుకున్నారు, ఈ అబ్బాయి అడ్వాన్సు ఇస్తున్నాడు, ఆ తేడా నిజమే. కానీ నా మాటలో సగం ఇంకా నిలబడే ఉంది. తెలిసిన మనిషి లేకుండా పంపకూడదు. మిల్డురాలోనో, బండబర్గ్‌లోనో మన జిల్లా మనిషి ఒక్కడు, ఫోన్ ఎత్తేవాడు ఉండాలి. పని అతను ఇవ్వక్కర్లేదు. ఏ తోట మంచిది, ఏ మేస్త్రీ చెడ్డవాడు చెబితే చాలు. వీరావల్‌లో మమ్మల్ని బతికించింది అడ్వాన్సు ఒక్కటే కాదు, ఊరివాళ్లు.

నాగావళి నుంచి మిల్డురాకి:
అన్నయ్యా, దానికి నేను అడ్డం చెప్పను. నేను మంచి తోటకి చేరింది కూడా ముందు చేసి వెళ్లిన ఒకమ్మాయి చెబితేనే. అయితే మనవాడు అన్న ఒక్క కారణంతో నమ్మితే దెబ్బ తినేదీ ఇక్కడే. ‘పేస్లిప్ ఎందుకు తమ్ముడూ, మనలో మనం, చేతికి క్యాష్ ఇస్తాను’ అని గంటకి 15 డాలర్లు చేతిలో పెట్టేవాళ్లు మన భాష మాట్లాడేవాళ్లలోనూ ఉన్నారు. పేస్లిప్ లేకపోతే రెండో ఏడాది వీసాకి ఆ రోజులు చూపించుకోవడమే కష్టం. తెలిసినవాళ్ల దగ్గర కబురు తెలుసుకోవాలి, జీతం మాత్రం బ్యాంకులో పడాలి. కూలీలను సరఫరా చేసేవాళ్లకి క్వీన్స్‌ల్యాండ్‌లో, విక్టోరియాలో లైసెన్సు ఉండాలి. ఆ జాబితా ఆన్‌లైన్లో ఉంది. మనవాడైనా అందులో పేరు చూశాకే బండి ఎక్కాలి.

చీపురుపల్లి అమ్మ:
ఈ మాట మా అమ్మాయికి చదివి వినిపించాను. పేస్లిప్ సంగతి తనకీ తెలియదట.

టెక్కలి కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. ఈ సాయంత్రం నాన్న, మామయ్య ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చదివాను. నాన్న కన్సల్టెన్సీకి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు. ‘ఆఫీసుకి రండి, మాట్లాడుకుందాం’ అన్నారు గానీ నంబరు చెప్పలేదు. మేం వెళ్లడం లేదు. ఇంక నాన్న ఒక్కటే అడుగుతున్నారు, చేతిలో ఎంత ఉంటే పంపొచ్చు, ఏ నెలలో దిగాలి?

నాగావళి నుంచి మిల్డురాకి:
వీసాకి 5,000 డాలర్లు, టికెట్ డబ్బు చూపించాలి. టికెట్ కాక, ఆ 5,000 మన లెక్కలో మూడు లక్షలకు అటూ ఇటూ. ఆ డబ్బు కాగితం కోసం అప్పు తెచ్చి, వీసా రాగానే తిరిగి ఇచ్చేసి రావద్దు. పని దొరికేదాకా నువ్వు తినేది దాంతోనే. వీసా వచ్చిన రోజు నుంచి ఏడాదిలోపు ఎప్పుడైనా దిగొచ్చు. నీ 12 నెలలు దిగిన రోజు నుంచి మొదలవుతాయి. కాబట్టి తొందర లేదు, పంట చూసుకుని రా. సెప్టెంబరు, అక్టోబరులో అయితే డార్విన్, క్యాథరిన్ వైపు మామిడి. ఎండ మాత్రం మన మే నెలకి తగ్గదు. డిసెంబరు, జనవరిలో టాస్మేనియాలో చెర్రీ. ఫిబ్రవరి నుంచి మా వైపు ద్రాక్ష. మన చలికాలం వాళ్లకి వేసవి అని నాన్నగారికి చెప్పు, లేకపోతే నెలలు తారుమారవుతాయి. మే నుంచి బోవెన్‌లో టమాటా, క్యాప్సికం. టల్లీలో అరటి ఏడాది పొడుగునా ఉంటుంది. గెల బరువు మోయడం కష్టం, నడుం గట్టిగా ఉంటేనే అటు వెళ్లు.

నీ వీసా రెండో ఏడాదికి ఏ ఊళ్ల పిన్‌కోడ్‌లు లెక్కలోకి వస్తాయో ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని, ఆ జాబితా ఫోన్లో పెట్టుకో. పక్క ఊళ్లో మూడు నెలలు చేసి లెక్కలోకి రాక ఏడ్చినవాళ్లని చూశాను. ద్రాక్ష సీజన్‌కి ఇటు వస్తే ముందు రాయి, ఏ తోటల్లో మనుషులు కావాలో కనుక్కుని చెబుతాను.