ఇన్‌హౌస్ లాయర్లు బయట కలిసి పని గురించి మాట్లాడుకోవచ్చా?

కోరమంగళ లాయరు:
బెంగళూరు టెక్ కంపెనీల్లో లీగల్ పని చేసే తెలుగువాళ్లం కొందరం నెలకోసారి కలుద్దామనుకుంటున్నాం. మాలో చాలామందికి ఆఫీసులో లీగల్ టీమంటే తామొక్కరే. డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సందేహం వస్తే పక్కన అడిగే మనిషి లేడు. ఇది మంచిదేనా?

మారతహళ్లి వాసి:
వద్దండీ. క్లయింటు లాయరుకు చెప్పిన మాటలు బయటపెట్టక్కర్లేదనే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 రక్షణ జీతానికి పనిచేసే కంపెనీ లాయరుకు (ఇన్‌హౌస్ లాయరుకు) లేదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న తేల్చేసింది. సొంత యాజమాన్యంతో మాట్లాడిన దానికే దిక్కు లేదు, పదిమందిలో అన్నమాటను ఎవరు కాపాడతారు?

హెచ్ఎస్ఆర్ లేఅవుట్:
ఆ తీర్పు నేనూ చదివాను. కంపెనీ గుట్టుతో ముడిపడ్డ విషయమైతే బయటి అడ్వొకేట్ దగ్గరికే వెళ్లాలి, అక్కడ సెక్షన్ 134 రక్షణ ఉంది. కానీ మనకు రోజూ ఎదురయ్యేవి అన్నీ గుట్టు విషయాలు కావు కదండీ. సైబర్ దాడి మన దృష్టికొచ్చిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు) చెప్పాలని 2022 ఆదేశాలున్నాయి. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న ఇంజినీరు లాగ్‌లో ఏదో తేడా చూస్తాడు, పొద్దున తొమ్మిదికి నాకు చెప్తాడు. అప్పటికే గడువు దాటిపోయినట్టే. మరి అతను అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, నేను ఎత్తకపోతే ఫారం ఎవరు పంపాలి? ఈ ఏర్పాటు ఇంకో కంపెనీలో ఎలా చేసుకున్నారో తెలిస్తే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది. దానికి ఎవరి గుట్టూ విప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. బార్ కౌన్సిల్ రూల్ 49 వల్ల ఉద్యోగంలో చేరగానే ప్రాక్టీసు సస్పెండ్ చేయించుకుంటాం. కోర్టు లాయరుకు బార్ రూములో సీనియర్‌ని అడిగే వీలుంది. మనకు అదీ లేదు.

మారతహళ్లి వాసి:
మాటల్లో జీతాల సంగతి, ఒకరి ఉద్యోగుల్ని ఒకరు తీసుకోకూడదన్న సంగతి వస్తే? కంపెనీలు కుమ్మక్కై పోటీని దెబ్బతీయకూడదనే కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 మెడకు చుట్టుకుంటుంది.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్:
నాకూ అసలు భయం అదే. అందుకే నేరుగా పోటీపడే రెండు కంపెనీల వాళ్లు ఒకే గుంపులో ఉండకూడదు. ఏం మాట్లాడతామో ముందే రాసుకోవాలి. జీతాలు, ధరల ఊసు వస్తే అక్కడితో ఆపేయాలి. వాట్సాప్ గ్రూపు అసలే వద్దు.

మారతహళ్లి వాసి:
రూల్స్ బాగానే ఉన్నాయి. కాఫీ దగ్గర అవి ఎవరికీ గుర్తుండవు. నేనైతే రాను.

కోరమంగళ లాయరు:
మొదటిసారికి 6 గంటల రిపోర్టు ఒక్కటే పెడుతున్నాం. వచ్చేవాళ్లు ముందు మీ కంపెనీలో అనుమతి తీసుకోండి.