ముందుచూపు లేనివారిని ‘హ్రస్వదృష్టి’ అనడం సబబేనా?

పుటాకారం:
ఒక సంపాదకీయంలో “పాలకుల హ్రస్వదృష్టి” అన్న మాట చదివి ఒళ్లు మండింది. వరద ముప్పు ఉందని నిపుణులు ఇచ్చిన నివేదికను పక్కన పడేసి కట్టడాలకు అనుమతులిచ్చారట. తప్పు వారిది, పేరు మాత్రం నా జబ్బుది!

పదకొండో ఏట నుంచి కళ్లజోడు పెట్టుకుంటున్నాను. ఇప్పుడు మైనస్ 5. జోడు తీస్తే 20 సెంటీమీటర్లు దాటినదంతా మసకే. కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవుగా పెరిగింది, అందుకే దూరం నుంచి వచ్చే వెలుగు రెటీనా (కంటి వెనకవైపు బొమ్మ పడే పొర) దాకా రాకుండానే కేంద్రీకృతమవుతోంది. ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగినా పవర్ రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల దాకా మారిపోతుంది. ఇందులో నా బుద్ధి లోపం ఎక్కడుంది? ‘ముందుచూపు లేదు’ అన్న చక్కని మాట మనకు ఉండనే ఉంది కదా.

గుడ్డిలోమెల్ల:
అలా మొదలుపెడితే ‘గుడ్డి నమ్మకం’ నుంచి ‘చెవిటివాడి ముందు శంఖం’ వరకు సగం నుడికారాన్ని ఊడ్చేయాలి. నేను పేరు కూడా మార్చుకోవాలి. పైగా పోలిక బాగానే అతికింది. దగ్గరిది కనబడుతుంది, దూరానిది కనబడదు. ఈ ఏటి లాభం చూసుకుని పదేళ్ల తర్వాతి నష్టాన్ని చూడనివాడి పరిస్థితీ అదే.

పుటాకారం:
అతకలేదండీ. నాకు దూరం కనబడదని నాకు తెలుసు. బస్సు నంబరు ఆనకపోతే పక్కవారిని అడుగుతాను. మీ పెద్దమనిషి ఎవరినీ అడగడు.

గుడ్డిలోమెల్ల:
మొదటి జోడు పెట్టుకోకముందు కూడా తెలుసా?

పుటాకారం:
తెలియదు. చందమామకు పదునైన అంచు ఉంటుందని జోడు వచ్చిన రాత్రే తెలిసింది. అంతవరకు అందరికీ అది వెన్నెల ముద్దలాగే కనబడుతుందనుకున్నాను. సరే, ఆ ఒక్క పాయింటు మీదే.

పదశోధి:
మీరిద్దరూ ఒక వింతను వదిలేశారు. కంటి వైద్యుడి దగ్గర హ్రస్వదృష్టి ఎంత దోషమో దీర్ఘదృష్టి కూడా అంతే దోషం. మొదటిదానిలో చాలామందికి కనుగుడ్డు పొడవు, రెండోదానిలో పొట్టి. దానికి పుటాకార కటకం, దీనికి కుంభాకార కటకం. మాటల్లోకి వచ్చేసరికి ఒకటి తిట్టయింది, రెండోది బిరుదయింది. ‘దీర్ఘదృష్టి గల నాయకుడు’ అంటే దండ వేస్తాం. పోలికను చివరిదాకా లాగితే ఆయన చేతిలోని అర్జీ చదవలేక ఆకాశంలో మేడలు చూసేవాడు కావాలి. అలాంటివారికి కొదవ లేదు, వారికి పేరు పెట్టడమే మరిచాం.

మరి చత్వారం? నలభై దాటాక కంటి కటకం బిగుసుకుపోయి దగ్గరి అక్షరాలు ఆనవు. దాన్ని తిట్టుగా వాడినవారిని నేను చూడలేదు. తిట్టేవారికి కూడా వస్తుంది కాబట్టి కాబోలు. అన్నట్టు, పుటాకారం గారూ, ఆ వయసులో మీరు జోడు తీసేసి హాయిగా చదువుకుంటారు.

కళ్లజోళ్లపని:
మాటల సంగతి మీరు తేల్చుకోండి. పరీక్ష గదిలో నేను చూసేది వేరు. ‘హ్రస్వదృష్టి’ అనగానే కొందరు తల్లిదండ్రులు దాన్ని పిల్లల తప్పుగా తీసుకుంటారు. “పుస్తకం ముఖానికి అంటించుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను” అని అక్కడే చీవాట్లు. దగ్గరి పనికి, ఆరుబయట తక్కువగా తిరగడానికి దీనితో సంబంధం ఉన్నమాట నిజమే, కానీ వారసత్వం కూడా ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేస్తే, మూడేళ్లలో కొత్తగా ఇది వచ్చినవారు 30 శాతం, ఆ ఏర్పాటు లేనివారిలో 40 శాతం. ఫలితాలు 2015లో వచ్చాయి. చీవాట్ల కంటే ఎండ నయం.

ఇంకొకటి. మైనస్ 6 దాటిన కళ్లలో రెటీనా ఊడే ముప్పు ఎక్కువ. మెరుపులు, నల్లచుక్కల జల్లు, పక్కనుంచి తెర పడినట్టు నీడ కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పుటాకారం:
కళ్లజోళ్లపని గారు చెప్పిన చీవాట్లు చదివాక ఆ సంపాదకీయాన్ని మళ్లీ తిరగేశాను. నా కోపం సరైన చోటే ఉంది, కారణమే తప్పు. నివేదిక వారి బల్ల మీదే ఉంది, చదివారు, సంతకం కూడా చేశారు. అంటే వారికి దూరం స్పష్టంగా కనబడింది. హ్రస్వదృష్టి అని రాయడంతో, పాపం, వారికి కనబడలేదనే సాకు మనమే అందించాం. దానికి తెలుగులో ‘చూసీ చూడనట్టు వదిలేయడం’ అనే మాట ఉంది. సంపాదకుడికి ఉత్తరం రాస్తున్నాను. గుడ్డిలోమెల్ల గారూ, మీ సంతకం కూడా పెడతారా?

గుడ్డిలోమెల్ల:
పెడతాను. ఏ పేరుతో పెట్టమంటారు?