సభాపతా, స్పీకరా, అధ్యక్షుడా?

ప్రశ్న:
మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. మొన్న ఫోన్లో మాటల మధ్య, "ఇక్కడ సెనేట్‌ని నడిపే ఆయన్ని కూడా మేమే ఓటేసి ఎన్నుకుంటాం నాన్నా, ఆయన్ని తెలుగులో ఏమనాలి?" అని అడిగింది. సభాపతి అనబోయి ఆగిపోయాను. అక్కడి ఎగువ సభ అయిన సెనేట్‌లో 31 మంది సభ్యులు. వాళ్లకు పైన కూర్చునే లెఫ్టినెంట్ గవర్నర్‌ని వాళ్లు ఎన్నుకోరు, నాలుగేళ్లకోసారి రాష్ట్రం మొత్తం ఓటేస్తుంది. పోనీ స్పీకర్ అందామంటే, 150 మంది ఉన్న దిగువ సభకు స్పీకర్ వేరే ఉన్నాడు, ఆయన్ని ఆ సభ్యులే ఎన్నుకుంటారు. ఏ మాట వాడాలి?

యానాం నుంచి:
‘లెఫ్టినెంట్ గవర్నర్’ అని అలాగే ఉంచేయకండి సార్. మా ఊళ్లో ఆ మాట వింటే పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరే గుర్తొస్తారు. వారిని రాష్ట్రపతి నియమిస్తారు. "ఆయనకి మనం ఎప్పుడు ఓటేశాం?" అని మా నాన్నగారే అడుగుతారు.

గుంటూరు నుంచి:
సభాపతి పాత మాటే. రుద్రంలో "నమః సభాభ్యః సభాపతిభ్యశ్చ వో నమః" అని ఉంది. చిదంబరంలో నటరాజస్వామి పేరు కూడా అదే. ఎవరు ఎన్నుకుంటేనేం, సభకు పెద్ద సభాపతే. ఇందులో అంత ఆలోచించేది ఏముంది?

వరంగల్ నుంచి:
ఉందండీ. ‘పతి’ అంటే ఏలిక. ‘స్పీకర్’ దానికి పూర్తిగా ఎదురు మాట. ఇంగ్లండులో కామన్స్ సభ అనుకున్నది రాజుగారి ముందుకు వెళ్లి చెప్పేవాడే స్పీకర్. అంటే సభకు నోరు. 1642 జనవరిలో చార్లెస్ రాజు సాయుధులతో వచ్చి, ఐదుగురు సభ్యులు ఎక్కడున్నారో చూపించమంటే, స్పీకర్ లెంథాల్ మోకరిల్లి చెప్పిన జవాబు ఇదే: ఈ చోట సభ చూపిస్తే తప్ప నాకు చూడ్డానికి కళ్లు లేవు, సభ చెప్పమంటే తప్ప మాట్లాడడానికి నాలుక లేదు.

ఆ కళ్ల మాట దగ్గర కాస్త ఆగాలి. మనం సభలో "అధ్యక్షా!" అంటాం. టీవీలో ఎన్ని సమావేశాలు చూసినా "సభాపతీ" అని పిలిచినవాళ్లు నాకు తగల్లేదు. అధ్యక్షుడు అంటే అధి, అక్షం. అక్షం అంటే ఇక్కడ కన్ను. పైనుంచి చూసుకునేవాడు అన్నమాట. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సుంకాలు చూసేవాడు శుల్కాధ్యక్షుడు, రాజుగారి సేద్యం చూసేవాడు సీతాధ్యక్షుడు. ఆ కన్నును పెట్టింది రాజు, కింద పనిచేసేవాళ్లు కాదు. లెంథాల్ నాకు లేదన్నది సరిగ్గా ఆ కన్నే!

ఇంకో తమాషా. ప్రత్యక్ష ఎన్నిక, పరోక్ష ఎన్నిక అంటాం కదా, ఆ రెంటిలోనూ ఉన్నది ఈ అక్షమే. ఒకటి కంటి ఎదుట, ఇంకోటి కంటికి అవతల.

అందుకే జనం ఎన్నుకున్నవాణ్ని సభకు నోరు అనడం నాకు కుదిరినట్టు అనిపించదు. వాళ్లూ అనరు. లెఫ్టినెంట్ గవర్నర్‌కి సభలో హోదా ‘ప్రెసిడెంట్ ఆఫ్ ది సెనేట్’. బయటివాళ్లు పంపిన కన్ను కాబట్టి ‘సెనేట్ అధ్యక్షుడు’ అనండి.

హైదరాబాద్ నుంచి:
మాట సంగతి సరే. మన దగ్గరా స్పీకర్‌ని జనమే ఎన్నుకుంటే పోలా? స్పీకర్ తేల్చాల్సిన ఫిరాయింపు పిటిషన్లు ఏళ్లకేళ్లు పడుండవు. పది మంది ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 31న తెలంగాణ స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది.

వరంగల్ నుంచి:
మన రాజ్యాంగం 178వ అధికరణం ప్రకారం సభ తన సభ్యుల్లోంచే స్పీకర్‌ని, డిప్యూటీ స్పీకర్‌ని ఎంచుకోవాలి. అది మారాలంటే రాజ్యాంగ సవరణే. అయినా జనం ఎన్నుకున్నాయన పార్టీ మనిషి కాకుండా పోడండీ. టెక్సాస్‌లో ఆ పదవికి పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారు. పైగా అక్కడ బిల్లు ఏ కమిటీకి పోవాలో, కమిటీలకు ఛైర్మన్లు ఎవరో ఆయనే తేలుస్తాడు. ఆ అధికారం ఇచ్చింది ఓటరు కాదు, సెనేట్ రాసుకున్న నియమాలు. ఓట్లు సమానంగా చీలినప్పుడు ఓటేసే హక్కు మాత్రం టెక్సాస్ రాజ్యాంగం ఇచ్చింది.

గుంటూరు నుంచి:
మరి మన శాసనమండలి ఛైర్మన్‌ని సభ్యులే ఎన్నుకుంటారు, ఆయన్నీ అధ్యక్షా అనే పిలుస్తారు. మీ సిద్ధాంతం అక్కడే జారింది.

వరంగల్ నుంచి:
జారింది, ఒప్పుకుంటున్నా. వాడుక వ్యుత్పత్తిని అడిగి నడవదు. కానీ కొత్తగా అనువాదం చేసేటప్పుడైనా తేడా చూపిద్దామని నా పట్టుదల.

ప్రశ్న వేసినవారు:
‘సెనేట్ అధ్యక్షుడు’ అనే పంపాను. వెంటనే మా అమ్మాయి ఇంకో మెలిక పెట్టింది. 2000 డిసెంబరులో బుష్ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికై టెక్సాస్ గవర్నర్ పదవి వదిలితే, లెఫ్టినెంట్ గవర్నర్ పెర్రీ గవర్నర్ అయ్యాడట. ఖాళీ అయిన కుర్చీకి సెనేటర్లు తమలోంచే బిల్ రాట్లిఫ్‌ని ఎన్నుకున్నారట. ఆయన్ని ఏమనాలి మాష్టారూ?

వరంగల్ నుంచి:
సభ తనే ఎన్నుకున్నవాడు కాబట్టి ఆయన్ని నిక్షేపంగా సభాపతి అనండి. గుంటూరు వారికీ సంతోషం.