సిప్ ప్యానెళ్లతో ఇల్లు: చెక్క ఫ్రేమ్ డ్రాయింగ్‌ని ఇప్పుడు మార్చుకోవచ్చా?

కొత్తగోడ:
రెండంతస్తుల ఇల్లు. కింద 900, పైన 700 చదరపు అడుగులు. చలికాలంలో వారాల తరబడి ఉష్ణోగ్రత సున్నాకి కిందే ఉంటుంది. డ్రాయింగ్ 2×6 చెక్క ఫ్రేమ్‌కి గీశారు: 16 అంగుళాలకో నిలువు చెక్క, మధ్యలో గ్లాస్ ఉన్ని. దీన్నే గోడలకి ఆరున్నర అంగుళాల సిప్ ప్యానెళ్లు (రెండు చెక్క పలకల మధ్య ఫోమ్ అతికించి ఫ్యాక్టరీలో చేసేవి), పైకప్పుకి పదింబావు అంగుళాలవి పెట్టి కట్టొచ్చని ప్యానెళ్లు చేసేవాళ్లు చెబుతున్నారు. వెచ్చదనంలో తేడా నిజంగా అంత ఉంటుందా? సిప్ కప్పులు కుళ్లిపోతాయన్న మాటలో నిజమెంత? వైర్లు, నీళ్ల పైపులు ఎటు నుంచి పోవాలి?

రసమట్టం:
మార్చుకోవచ్చు, కానీ గోడ ఒక్కటీ మార్చి మిగతా డ్రాయింగ్ అలాగే ఉంచుదామంటే కుదరదు. కిటికీల సైజులు, స్విచ్ బాక్సుల చోటు, దూలాల బరువు దిగే చోట్లు అన్నీ ఖాయమయ్యాకే ఫ్యాక్టరీలో ప్యానెల్ కోస్తారు. ఆ తర్వాత కిటికీని అడుగు పక్కకి జరపడమంటే, చెక్క ఫ్రేమ్‌లో పూట పని, ఇక్కడ కొత్త ప్యానెల్.

వెచ్చదనం లెక్క చూడండి. 2×6 గోడలో ఉన్ని ఆర్-21 (ఆర్ అంటే వేడి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది). నిలువు చెక్కలు, పై ప్లేట్లు, కింది ప్లేట్లు, కిటికీల చుట్టూ పడేవి కలిపితే గోడలో సుమారు నాలుగో వంతు చెక్కే ఉంటుంది. 2×6 చెక్క పేరుకే ఆరు, నిజం మందం ఐదున్నర అంగుళాలు, అది ఆర్-7 కూడా ఇవ్వదు. రెండూ కలిపితే గోడ మొత్తానికి ఆర్-14 దగ్గర ఆగుతుంది. మీ సిప్‌లో రెండు ఓఎస్‌బీ రేకుల (చెక్క పేళ్లని జిగురుతో అదిమి చేసిన పలకల) మధ్య ఐదున్నర అంగుళాల ఈపీఎస్, అంటే మనకి తెలిసిన థర్మాకోల్ జాతిదే, ఉంటుంది. అంగుళానికి దాదాపు ఆర్-4 చొప్పున, రేకులతో కలిపి ఆర్-23. నాలుగడుగులకో అతుకు పెట్టి, ప్రతి అతుకులో జంట 2×6 చెక్క దూర్చితే మాత్రం అది ఆర్-20కి జారుతుంది. కిటికీల చుట్టూ పడే చెక్క వల్ల ఇంకొంచెం తగ్గుతుంది. కాబట్టి బరువు మోయాల్సిన చోట తప్ప మిగతా అతుకులన్నిటికీ ఓఎస్‌బీ పట్టీల స్ప్లైన్ (రెండు ప్యానెళ్లని కలుపుతూ అతుకులో దూర్చే ముక్క) గానీ, లోపల ఫోమ్ ఉన్న స్ప్లైన్ గానీ అడగండి.

బిగింపులో తప్పులు ఎక్కువ జరిగేది అడుగునే. పునాది పైభాగం పది అడుగులకి ఎనిమిదో వంతు అంగుళం తేడా దాటకూడదు, రెండు కర్ణాలూ సమానంగా రావాలి. ప్యానెల్‌కి మూలమట్టం ఫ్యాక్టరీలోనే కుదిరి వస్తుంది. పునాది వంకరైతే ఆ వంకర అతుకుల్లో సందులై తేలుతుంది. మొదట పునాది మీద గ్యాస్కెట్, దాని మీద మందు పట్టించిన సిల్ ప్లేట్ (అడుగు చెక్క), ప్యానెల్ పూర్తి మందమంత వెడల్పుతో. దాని మీద 2×6 బాటమ్ ప్లేట్, బయటి అంచు నుంచి ఓఎస్‌బీ మందమంత లోపలికి. ప్యానెల్ దాని మీదకి దిగాక బయటి రేకు, లోపలి రేకు రెండూ సిల్ ప్లేట్ మీద పూర్తిగా ఆనాలి. బరువు మోసేది ఆ రేకులే. బయటి రేకు గాల్లో వేలాడితే గోడ సగం బలంతో నిలబడ్డట్టే. బాటమ్ ప్లేట్‌లో వైర్ల కోసం ఒకటిన్నర అంగుళాల రంధ్రాలు ప్యానెల్ దించకముందే వేయాలి. ఇది మర్చిపోని సైటు అరుదు.

అతుకు దగ్గర: స్ప్లైన్ తగిలే ప్రతి ముఖానికీ తెగకుండా మాస్టిక్ (సందులు మూసే జిగురు ముద్ద) గీత, థర్మాకోల్‌కీ థర్మాకోల్‌కీ మధ్య విస్తరించే ఫోమ్. లాగుడు బెల్టుతో ప్యానెళ్లని దగ్గరికి లాగాక కూడా రేకుల మధ్య ఎనిమిదో వంతు అంగుళం సందు ఉంచండి, తేమకి ఓఎస్‌బీ పెరుగుతుంది. రెండు వైపులా 8డి (రెండున్నర అంగుళాల) మేకులు ఆరంగుళాలకొకటి. మూలల్లో పొడవాటి ప్యానెల్ స్క్రూలు డ్రాయింగ్‌లో చెప్పిన దూరానికే. మాస్టిక్ ప్యానెల్ తయారీదారు చెప్పిందే వాడండి, సాల్వెంట్ ఉన్న జిగురు ఈపీఎస్‌ని కరిగించేస్తుంది. చలిలో ట్యూబు గడ్డకడితే గీత సరిగ్గా పడదు, ట్యూబుల్ని వెచ్చని గదిలో ఉంచి పనికి తీయండి.

దూలం_వాసం:
రసమట్టం గారి లెక్క సరైనదే, పోలికే ఒంటి వైపుది. అదే 2×6 ఫ్రేమ్‌కి బయట రెండంగుళాల గట్టి ఫోమ్ షీట్ వేస్తే ఇంకో ఆర్-8 వచ్చి చేరుతుంది, మొత్తం ఆర్-22. కాబట్టి అంకె చూసి మాత్రమే సిప్ వైపు వెళ్లకండి. దాని అసలు లాభం గాలి చొరబడకపోవడం, గోడలు తొందరగా లేవడం. క్రేన్ వచ్చే దారి లేకపోతే రెండోది కూడా పోతుంది. ఆరున్నర అంగుళాల 4×8 అడుగుల ప్యానెల్ దాదాపు 50 కిలోలు, ఇద్దరు ఎత్తుతారు. 8×24 అయితే 300 కిలోల దగ్గరికి వస్తుంది.

ఇంకో సంగతి. గోడంతా పరుచుకునే బరువుని సిప్ బాగా మోస్తుంది. రిడ్జ్ దూలం (కప్పు శిఖరం వెంట పోయేది) చివర లాగా ఒక్క బిందువు మీద పడే బరువుకి మాత్రం ప్యానెల్ లోపల స్తంభం ఉండాలి, ఆ స్తంభం కింద పునాది దాకా నిండు ఆధారం ఉండాలి. ఆ చోట్లు ప్యానెల్ డ్రాయింగ్‌లో గుర్తు పెట్టారో లేదో మీ ఇంజనీరుతో సరిచూపించండి. వెడల్పాటి కిటికీల మీద ఎల్‌వీఎల్ హెడర్ (పలుచని చెక్క పొరలు అతికించి చేసిన అడ్డదూలం) కూడా అంతే.

కొత్తగోడ:
క్రేన్‌కి దారి ఉందండి. కప్పు సంగతే తేలలేదు. రిడ్జ్ దూలం, దాని మీద ఆనే పదింబావు ప్యానెళ్లు, లోపల వాసాలు బయటికి కనిపించేలా ఉంచాలని ఉంది.

పొడికప్పు:
కుళ్లిన కప్పుల మాట పుకారు కాదు. అలాస్కాలోని జూనోలో సిప్ కప్పులు పెద్ద సంఖ్యలో పాడైతే పరిశీలించారు. పై నుంచి కారిన వాన కాదు కారణం. ఇంట్లోని వెచ్చని తేమ గాలి పైకెక్కి, సరిగ్గా మూయని అతుకుల్లోంచి, ముఖ్యంగా రిడ్జ్ దగ్గర, బయటికి దూరింది. పైన చల్లని ఓఎస్‌బీ రేకు తగలగానే నీరైంది. అతుకుకి రెండు పక్కలా పై రేకు మెత్తబడింది. ప్యానెల్ మధ్యభాగం బాగానే ఉంది.

అందుకని కప్పులో ఫోమ్, మాస్టిక్ చాలవు. ప్రతి అతుకుకీ లోపలి వైపు ఆరంగుళాల సిప్ టేప్ ఉండాలి. మీ ఇంట్లో చిక్కు ఇక్కడే వస్తుంది: అతుకు సరిగ్గా దూలం మీదో వాసం మీదో పడితే, ప్యానెల్ దించాక కింది నుంచి టేప్ వేయడానికి చెయ్యి దూరదు. ప్యానెల్ రాకముందే దూలం మీద వెడల్పాటి టేప్ గానీ ఎయిర్ బ్యారియర్ (గాలిని ఆపే షీటు) పట్టీ గానీ పరిచి, రెండు అంచులూ వేలాడదీయాలి. ప్యానెళ్లు కూర్చున్నాక ఆ అంచుల్ని ప్యానెల్ అడుగుకి అతికించాలి. ఈ వరస డ్రాయింగ్‌లో రాసి లేకపోతే సైటులో ఎవరికీ గుర్తుండదు, క్రేన్ గంటల లెక్కన నడుస్తున్నప్పుడు అసలే ఉండదు.

రిడ్జ్‌లో ప్యానెల్ అంచులు వాలుకి తగ్గ కోణంలో కోసి రావాలి. నిలువుగా కోసి, పైన మిగిలిన వి ఆకారపు సందుని ఫోమ్‌తో నింపేస్తామంటే ఒప్పుకోకండి. స్క్రూలు 12 అంగుళాలవి తీసుకోండి, ప్యానెల్ దాటి దూలంలోకి అంగుళంన్నరైనా దిగాలి. దూలం తప్పి కింద మొన తేలిన స్క్రూని వెంటనే తీసి రంధ్రం ఫోమ్‌తో మూయాలి. వదిలేస్తే చలికాలంలో దాని కొసన నీటి బొట్టు కడుతుంది, ఇంటివాళ్లు కప్పు కారుతోందనుకుంటారు.

మీ చలికి నేనైతే ప్యానెల్ పైన ఆవిరి పోనిచ్చే మెంబ్రేన్, దాని మీద ఒకటిన్నర అంగుళాల పట్టీలు, వాటిపై రెండో డెక్, ఆ తర్వాతే లోహపు రేకులో పెంకులో వేయిస్తాను. పట్టీల మధ్య గాలి చూరు నుంచి రిడ్జ్ దాకా ఆడుతుంటే, చిన్న పొరపాటు జరిగినా పై రేకు ఆరిపోతుంది. లోపలి అతుకులు కనిపిస్తుండగానే, జిప్సం బోర్డు వేయకముందే బ్లోయర్ డోర్ పరీక్ష (తలుపులో ఫ్యాన్ బిగించి ఇంట్లోంచి గాలి ఎంత లీకవుతోందో కొలిచేది) చేయించండి. 50 పాస్కల్ ఒత్తిడి దగ్గర ఇంటి గాలి మొత్తం గంటకి ఒక్కసారి కంటే తక్కువ మారడం సిప్ ఇంటికి అందని అంకె కాదు.

తీగజాడ:
ప్యానెల్ థర్మాకోల్‌లో వైర్ల దారులు ఫ్యాక్టరీలోనే చేసి ఇస్తారు, సాధారణంగా ప్లగ్ ఎత్తులో ఒక అడ్డదారి, స్విచ్ ఎత్తులో ఒకటి, కొన్ని నిలువువి. పీవీసీ తొడుగున్న వైరు ఈపీఎస్‌కి నేరుగా ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే తొడుగులోని మెత్తదనమిచ్చే పదార్థం థర్మాకోల్‌లోకి పోయి, తొడుగు పెళుసెక్కుతుంది. కాబట్టి కాండ్యూట్ వేసి అందులోంచి లాగండి. బాక్సు కోసం కోసిన చోట చుట్టూ ఫోమ్ కొట్టాలి, వైరు దూరిన రంధ్రం కూడా మూయాలి. కొత్త దారి కావాలని ఎవరైనా రేకుని అడ్డంగా గాడి కోయబోతే ఆపండి, ఆ రేకే గోడ బలం. కప్పు ప్యానెళ్లలో దూర్చే లైట్లు వద్దు.

నీళ్ల పైపులు బయటి గోడలోకి రానే కూడదు. సింకు బయటి గోడకే ఉండాలంటే దాని ముందు 2×3 చెక్కతో చిన్న గోడ లేపి పైపులు అందులో నడపండి. లోపలి వైపు అరంగుళం జిప్సం బోర్డు తప్పనిసరి. అది అందం కోసం కాదు, నిప్పు ఫోమ్‌ని చేరకుండా ఆపడానికి.

అంత బిగువైన ఇంట్లో హెచ్‌ఆర్‌వీ (బయటికి పోయే గాలి వేడిని లోపలికొచ్చే తాజా గాలికిచ్చే యంత్రం) లేకపోతే తేమ లోపలే ఉండిపోతుంది. హీటర్‌ని చెక్క ఇంటి లెక్కన పెద్దది కొనకండి, ప్యానెళ్ల ఆర్ విలువలతో, బ్లోయర్ డోర్ అంకెతో ఇంటికి ఎంత వేడి కావాలో మళ్లీ లెక్క కట్టించండి.

కొత్తగోడ:
ప్యానెళ్లు వచ్చాక క్రేన్ దొరికేదాకా వారం పది రోజులు బయట ఉండేలా ఉన్నాయి. ఇబ్బందా?

రసమట్టం:
నేల మీద పెట్టకపోతే ఇబ్బంది లేదు. కనీసం మూడు చెక్కల మీద, పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పి పక్కలు గాలాడేలా వదలండి. ఓఎస్‌బీ అంచు తడిస్తే ఉబ్బుతుంది, స్ప్లైన్ గాడిలోకి దూరదు, కూలీలు సుత్తితో కొట్టి దూరుస్తారు, మాస్టిక్ అంతా బయటికి తుడుచుకుపోతుంది. పైకి చూస్తే అతుకు బాగా బిగిసినట్టే ఉంటుంది. ఎత్తే ముందు ప్రతి అంచు మందం కొలవండి. ఏడు పదహారో వంతు అంగుళం ఉండాల్సింది కంటికి తెలిసేంత పెరిగి ఉంటే ఆ ప్యానెల్‌ని పక్కన పెట్టి తయారీదారుని అడగండి.