కూరగాయల మడికి ఈ రెండు చోట్లలో ఏది మంచిది?

పెరట్లో కూరగాయలు వేద్దామని అంతా సిద్ధం చేసుకున్నాను. చోటు దగ్గరే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను, కాస్త సలహా ఇవ్వండి.

ఇంటి వెనక గోడ పక్కన పొద్దున్నుంచి మూడింటి దాకా ఎండ బాగా పడుతుంది, కుళాయి కూడా దగ్గరే. కానీ నేల పల్లం. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు పోస్తే మర్నాటికి కూడా అడుగున నిలిచే ఉన్నాయి. తడి మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, వేలితో పొడిచినా విడిపోవడం లేదు. అచ్చం బంకమట్టి.

గేటు పక్కన మెరక మీద మట్టి గుల్లగా ఉంది, నీరు ఇంకిపోతుంది. అయితే పెద్ద చెట్టు నీడ, ఎండ 4 గంటలకు మించదు. తవ్వితే వేళ్లు తగులుతున్నాయి. నీళ్లూ ఎరువూ ఆ చెట్టే లాగేసుకుంటుందని భయం.

టమాటా, వంగ, మిరప నాకు ముఖ్యం. వాటికి రోజుకు 6 నుంచి 8 గంటల ఎండ కావాలి కాబట్టి మనసు మొదటి చోటు మీదే ఉంది. అక్కడ అడుగు ఎత్తున మడి కట్టి, కంపోస్టు కలిపిన మట్టి నింపితే వేరుకుళ్లు తప్పుతుందా? లేక ముందు నీరు పోయేలా కాలువ తీయాలా? చెట్టు పక్కన ఆకుకూరలైనా వస్తాయా? బంకమట్టిలో పండించినవాళ్లు దయచేసి చెప్పండి.