గ్లాస్టన్‌బరీలో మొదటిసారి బార్ షిఫ్టులు: ఇదివరకు చేసినవాళ్ళు చెప్పండి

తెనాలి_టు_లెస్టర్ | 11 మే 2025

అందరికీ నమస్కారం. లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను, సెప్టెంబర్ ఇన్‌టేక్, ఇప్పుడు డిజర్టేషన్ మొదలైంది. ఒక ఏజెన్సీ ద్వారా గ్లాస్టన్‌బరీలో, అంటే ఇంగ్లండ్‌లో సోమర్సెట్ పొలాల్లో జరిగే పెద్ద సంగీతోత్సవంలో, బార్ పని దొరికింది. జూన్ 25 బుధవారం నుంచి 29 ఆదివారం దాకా, రోజుకు 9 గంటలు. టెంటు మనమే తెచ్చుకోవాలట. నేను ఎప్పుడూ టెంటులో పడుకోలేదు. బూట్లు ఎలాంటివి కొనాలి? నేను శాకాహారిని, తిండి దొరుకుతుందా? ఏ స్టేషన్‌లో దిగాలి? షిఫ్టు లేనప్పుడు పాటలు వినొచ్చా? మా నాన్నగారు "రెండు లక్షల మంది జనంలో, పొలంలో, ఒక్కదానివే ఎలా ఉంటావమ్మా" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఆయనకు ధైర్యం చెప్పగలిగేంత వివరంగా చెప్పండి ప్లీజ్.

బురద_2016

బూట్ల గురించి చెప్తా తల్లీ, మిగతావి ఎవరైనా చెప్తారు. 2016లో నేను అక్కడ పనిచేశా. ఆ ఏడాది బురద చూసినవాళ్ళు దాన్ని మర్చిపోలేరు. మా ఊళ్ళో దమ్ము చేసిన మడిలో దిగినట్టే ఉండేది. మడిలో అయితే పూటకో సారి గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటాం, అక్కడ ఐదు రోజులూ అందులోనే. నేను మామూలు స్పోర్ట్స్ షూతో పోయా. రెండో రోజుకే పాదాలు నాని తెల్లగా పాలిపోయాయి, వేళ్ళ సందులు ఒరుసుకుపోయాయి. నాలుగో రోజు షిఫ్టు చేయలేక కూలబడ్డా, ఆ రోజు డబ్బులు పోయాయి.

వెల్లీలు, అంటే పొడవాటి రబ్బరు బూట్లు, కొను. నీ సైజు కంటే ఒకటి పెద్దవి తీసుకుని లోపల మెత్తటి ఇన్‌సోల్ వెయ్యి. సాక్సులు బూటు అంచు దాటి పైకి రావాలి, లేకపోతే ఆ రబ్బరు అంచు పిక్కల్ని కోసేస్తుంది. సాక్సులు రోజుకు రెండు జతల లెక్కన, ప్లాస్టిక్ సంచిలో ముడేసి పెట్టుకో. కొత్త బూట్లతో నేరుగా వెళ్ళకు, రెండు వారాల ముందు నుంచే ఇంట్లో తొడుక్కుని తిరుగు.

ఓరుగల్లు_పోరడు

అక్కా, అందరు బూట్లు అంటున్నరు గని గంటల సంగతి ఎవ్వరు మాట్లాడరేంది? 5 రోజులు, రోజుకు 9, మొత్తం 45 గంటలు. నీది స్టూడెంట్ వీసా. వారానికి 20 కదా లిమిటు?

రావులపాలెం_రాజు

జూన్ అంటే కాలేజీ సెలవులేనండీ. సెలవుల్లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చండి. నేను 2023లో అయిదు రోజులూ చేశాను, ఒక్కరూ అడగలేదు. చక్కగా జీతం పడింది, పిరమిడ్ స్టేజీ ముందు నిలబడి పాటలు విన్నాను. అమ్మాయిని అనవసరంగా భయపెట్టకండి.

ఓరుగల్లు_పోరడు

అన్నా నువ్వు డిగ్రీ చదివినవా, మాస్టర్సా? డిగ్రీ పోరగాండ్లకు ఎండాకాలం సెలవులుంటయ్. మాస్టర్స్‌కు డిజర్టేషన్ రాసే నెలలు గూడ టర్మ్ కిందికే వస్తయ్. మా ఫ్రెండుకు ఇదే తెలువక జులైల 40 గంటలు చేసిండు, యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. రెండు నెలలు నిద్ర లేదు ఆనికి.

రాత్రి_షిఫ్టు_లక్ష్మి

టెంటు గురించి అడిగావుగా చెల్లీ. జూన్ చివర అక్కడ తెల్లవారుజామున 5 గంటలకు ముందే పొద్దు పొడుస్తుంది. నైట్ షిఫ్టు చేసి ఉదయం 7కి వచ్చి పడుకుంటే ఎనిమిదిన్నరకల్లా టెంటు ఇడ్లీ పాత్ర అయిపోతుంది. నేను మొదటిసారి మూడు రోజులు కలిపి ఆరు గంటలు కూడా నిద్రపోలేదు. మరుసటి ఏడాది నేర్చుకున్నాను. తూర్పువైపు చెట్టు గాని కంచె గాని ఉండి నీడ పడేచోట టెంటు వేశాను. కళ్ళకు మాస్కు, చెవులకు ప్లగ్గులు. ముక్కాలిపీట మీద కూర్చుని పాదాలు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడే లోపలికి. హాయిగా నిద్రపోయాను. ఇంకో మాట, స్టాఫ్ క్యాంపింగ్‌కి చేరగానే పక్క టెంటులో ఎవరున్నారో పలకరించి పేరు తెలుసుకో. ఆడపిల్లవి కాబట్టి చెప్తున్నాను. నాకు తోడు దొరికింది అలాగే, ఒక కెన్యా అమ్మాయి. ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

టెంటు ఒకసారి ఇంటి వెనకాల వేసి, విప్పి, మళ్ళీ వెయ్యి. చీకట్లో మొదటిసారి వేయడం చాలా కష్టం.

పేరోల్_అక్క

నేను పన్నెండేళ్ళుగా ఈ దేశంలో పేరోల్ (జీతాల లెక్కల) పని చేస్తున్నాను, స్టూడెంట్ వీసా వాళ్ళ ఫైళ్ళు వందల కొద్దీ చూశాను. కాబట్టి ఓపిగ్గా చదవండి.

వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఈ పండగ పని మొత్తం బుధవారం నుంచి ఆదివారం లోపే, అంటే అంతా ఒకే వారంలో పడుతుంది. ముందు వారానికో తరువాతి వారానికో సర్దే వీలు లేదు. నువ్వు షాపులో గాని కేఫ్‌లో గాని ఇంకో పని చేస్తుంటే ఆ వారం ఆ గంటలు కూడా ఈ 20లోనే కలుస్తాయి. ఒక్కొక్క పనికి వేరుగా 20 ఉండదు. సగటు తీయడమూ ఉండదు, ఈ వారం 30 చేసి వచ్చే వారం 10 చేస్తానంటే కుదరదు.

రాజు గారూ, "ఒక్కరూ అడగలేదు" అన్నది నిబంధన కాదు. జీతం ఇచ్చిన ప్రతిసారీ యజమాని పన్నుల శాఖకు నివేదిక పంపుతాడు. రికార్డు అక్కడే ఉంటుంది. తరువాత వీసా పొడిగింపు రోజున అడిగితే మీరు వచ్చి సమాధానం చెప్తారా ఆ అమ్మాయి తరఫున?

రావులపాలెం_రాజు

నేను తప్పు చేశానని నలుగురిలో అంటున్నారా మీరు? నాది అప్పుడు బీఎస్సీ మూడో ఏడు, నాకు నిజంగానే సెలవులు. రూలు ప్రకారమే చేశాను. పెద్ద అనుభవం ఉంటే మర్యాదగా చెప్పండి.

పేరోల్_అక్క

మీది డిగ్రీ అని మొదటే చెప్పి ఉంటే ఇంత మాట రాదు. ఎమ్మెస్సీ అమ్మాయికి బీఎస్సీ లెక్క చెప్పారు మీరు. ఆమె నమ్మి వెళ్ళి ఉంటే?

ఓరుగల్లు_పోరడు

గదే నేను గూడ అన్న.

రావులపాలెం_రాజు

సరేనండీ, మాస్టర్స్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నాను. తెనాలి చెల్లీ, నా మాట పట్టుకుని వెళ్ళకు. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకో.

యూటీఆర్_దెబ్బ

ఏజెన్సీ గురించి ఒక్క మాట. నాకు పోయిన ఏడు ఒక ఏజెన్సీ వాళ్ళు "మీరు సెల్ఫ్ ఎంప్లాయిడ్, యూటీఆర్ నంబరు (సొంతంగా పన్ను కట్టేవాళ్ళకిచ్చేది) తెచ్చుకుని ఇన్వాయిస్ పంపండి" అన్నారు. తెలియక సంతకం చేశా. స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ అసలు నిషేధం, ఒక్క గంటైనా. చివరి నిమిషంలో తెలిసి మానుకున్నా, టెంటు, కోచ్ టికెట్, అంతా కలిపి 140 పౌండ్లు పోయాయి. కాంట్రాక్టులో పీఏవైఈ (యజమానే జీతంలోంచి పన్ను కోసి కట్టే పద్ధతి) అని ఉందా చూసుకో. గంటకు ఎంతో కూడా చూడు. 21 ఏళ్ళు దాటినవాళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12 పౌండ్ల 21 పెన్నీలు. దానికి పైన హాలిడే పే (సెలవుల జీతం) వేరుగా రావాలి, 12.07 శాతం. "అన్నీ కలిపి 12.21" అంటే ఒప్పుకోవద్దు.

కోటప్పకొండ_కిరణ్

డబ్బుల కోసం కాకుండా అనుభవం కోసమైతే ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ తరఫున స్టీవార్డుగా (జనాన్ని, గేట్లను చూసుకునే వలంటీరుగా) వెళ్ళడం మేలు. సుమారు 8 గంటల షిఫ్టులు మూడు, అందులో ఒకటి రాత్రిది. డిపాజిట్ కట్టాలి, పని పూర్తయ్యాక తిరిగి ఇస్తారు. జీతం ఉండదు, ఆ డబ్బు ఆక్స్‌ఫామ్ సేవాకార్యక్రమాలకు పోతుంది. నేను చేసిన మూడు షిఫ్టుల్లో రెండు గేటు దగ్గర, ఒకటి దారి చూపించడం. మిగతా సమయమంతా నాదే.

పేరోల్_అక్క

అక్కడా జాగ్రత్త. జీతం లేకపోతే గంటలు లెక్కలోకి రావని అందరూ అనుకుంటారు. వలంటీరింగ్ వేరు, జీతం లేని ఉద్యోగం వేరు. కాంట్రాక్టు ఉండి, తప్పనిసరి గంటలు ఉండి, ఉద్యోగి చేయాల్సిన పని మీ చేత చేయిస్తే ఆ గంటలు కూడా 20లోకి వస్తాయి. ఇది కూడా యూనివర్సిటీనే అడగాలి.

కోటప్పకొండ_కిరణ్

మేడమ్, మంచి పని చేద్దామన్నా మీరు చట్టం తీస్తారు.

గోంగూర_గాజుసీసా

తిండి గురించి ఎవరూ చెప్పలేదు! లోపలికి గాజు వస్తువులు రానివ్వరు. నేను మా అమ్మ పంపిన ఆవకాయ గాజుసీసాలో పట్టుకెళ్ళా. గేటు దగ్గర పక్కన పెట్టించారు. అమ్మ స్వయంగా మే ఎండలో కూర్చుని పెట్టిన పచ్చడి. అక్కడే నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు, మూత మీద టేపు చుట్టు, ఇంకో సంచిలో వెయ్యి. నూనె కారిందంటే టెంటు, బట్టలు అన్నీ వాసనే. శాకాహారం బయట బాగానే దొరుకుతుంది, ఫలాఫెల్, పప్పు, పిజ్జా స్టాళ్ళు చాలా ఉంటాయి, ధరలే ఎక్కువ. అటుకులు, వేయించిన పల్లీలు, కారప్పొడి పట్టుకెళ్తే రాత్రి రెండింటికి అవే ఆదుకుంటాయి.

మేడారం_వాలంటీర్

మీ నాన్నగారి భయం జనం గురించి. దాని మీద నాకు చెప్పే హక్కుంది. 2022, 2024 రెండు జాతరలకూ మేడారం గద్దెల దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డాను. జనం అంటే ఏమిటో ఈ చర్చలో నా అంత దగ్గర్నుంచి ఎవరూ చూసి ఉండరు.

జనం తొక్కి చంపుతారనుకుంటారు. ఎక్కువసార్లు నిలబడి ఉండగానే ఊపిరి ఆడక పోతారు, రొమ్ము కదలడానికి చోటుండదు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే సంగీతోత్సవంలో 9 మంది పోయింది స్టేజీ ముందు జనం ఒత్తిడి వల్లనే. చేతులు రొమ్ము ముందు మడిచి పెట్టుకో, మోచేతుల మధ్య ఊపిరికి చోటుంటుంది. తోపుకు ఎదురు తోయకు. తోపు వచ్చి ఆగిన క్షణంలో ఏటవాలుగా అంచు వైపు జరుగు. ఫోను పడిపోయినా, చెప్పు ఊడినా వంగకు.

రావులపాలెం_రాజు

మేడారానికీ దీనికీ పోలికేంటండీ? ఇక్కడ బారికేడ్లు, శిక్షణ పొందిన సెక్యూరిటీ, అంతా లెక్క ప్రకారం.

మేడారం_వాలంటీర్

రోస్కిల్డేలోనూ బారికేడ్లున్నాయి. మొక్కు తీర్చుకోవడానికొచ్చినా, పాట వినడానికొచ్చినా, మనిషి రొమ్ము ఒకటే.

చెవిలో_గుయ్

బార్ స్టేజీకి దగ్గరగా ఉంటుందా తెనాలి గారూ? దానికి జవాబు వచ్చాకే మిగతావి. నాకు 27 ఏళ్ళకే ఎడమ చెవిలో గుయ్‌మనే మోత ఆగదు, మూడేళ్ళైంది. స్పీకర్ల పక్క స్టాల్లో నాలుగు రోజులు చెవి ప్లగ్గుల్లేకుండా పనిచేసినందుకు. రోజు సగటున 80 డెసిబెల్స్ ఉంటే అడిగితే చెవి రక్షణ ఇవ్వాలి, 85 దాటితే అడగకపోయినా ఇచ్చి, పెట్టుకునేలా చూడాలి. 2005 నాటి నిబంధనలు. మా సూపర్‌వైజర్‌ని అడిగితే "ఆర్డర్లు వినపడవు" అన్నాడు. ఆయన మాట విన్నాను. మీరు వినకండి. సంగీతం కోసం చేసే ప్లగ్గులు 15, 20 పౌండ్లకు దొరుకుతాయి, మాటలు వినపడతాయి, మోత తగ్గుతుంది. ఇప్పుడు రాత్రిళ్ళు నిశ్శబ్దం అంటే ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంటాను.

కావేరి_ఒడ్డు

పెద్ద బహిరంగ సంగీతోత్సవం అంటే నాకు తిరువయ్యారే. పుష్య బహుళ పంచమి నాడు కావేరి గట్టున త్యాగరాజ సమాధి దగ్గర వందల మంది కలిసి పంచరత్నాలు పాడతారు, అయిదింటిలో నాలుగు మన తెలుగే. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కాదు, బెంగళూరు నాగరత్నమ్మ పోరాడి పాడించింది. నేను రెండేళ్ళు అక్కడ మంచినీళ్ళు అందించే పని చేశాను. అక్కడ టికెట్టూ లేదు, మద్యమూ లేదు.

ఓరుగల్లు_పోరడు

మంచిగుంది గని అక్క అడిగింది సోమర్సెట్ గురించి.

తెనాలి_టు_లెస్టర్ | 14 మే 2025

అందరికీ చాలా థాంక్స్. మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను, జవాబు స్పష్టంగా వచ్చింది: జూన్ టర్మ్ కిందే, 20 గంటలే. ఏజెన్సీ మొదట కుదరదంది. మూడుసార్లు మాట్లాడాక శుక్రవారం, ఆదివారం రెండే షిఫ్టులు ఇస్తామన్నారు, 18 గంటలు. ఆ వారం షాపులో సెలవు పెట్టేశాను. స్టేషన్ ఏదో ఇంకా ఎవరూ చెప్పలేదు.

కోటప్పకొండ_కిరణ్

లండన్ ప్యాడింగ్టన్ నుంచి నేరుగా క్యాజిల్ కేరీ. అక్కణ్ణుంచి పండగకు ఉచిత షటిల్ బస్సులు.

తెనాలి_టు_లెస్టర్ | 3 జులై 2025

వెళ్ళొచ్చాను. వాన పెద్దగా లేదు, ఎండ, దుమ్ము. బురద_2016 అన్నా, వెల్లీలు టెంటులోనే ఉండిపోయాయి కానీ సాక్సుల మాట మాత్రం బంగారం. చెవి ప్లగ్గులు కొన్నాను, రెండు షిఫ్టులూ తీయలేదు.

శుక్రవారం రాత్రి పదింటికి ఒక అబ్బాయి ఐడీ లేకుండా వచ్చాడు. 25 కంటే తక్కువ కనిపిస్తే అడగమని మాకు చెప్పారు. లేదన్నాను. అరిచాడు, వెనక లైనంతా అరిచింది. చేతులు వణికాయి. అయినా ఇవ్వలేదు, ఎందుకంటే 18 లోపు వాళ్ళకు అమ్మితే కేసు అమ్మిన మనిషి మీద కూడా పడుతుంది. పక్క కౌంటర్ అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. ఎవరో కాదు, నా పక్క టెంటు అమ్మాయే. లక్ష్మక్క చెప్పినట్టు బుధవారమే పేరు అడిగి పెట్టుకున్నాను.

219 పౌండ్ల 78 పెన్నీలు, హాలిడే పే 26.53 వేరుగా వచ్చింది. శనివారమంతా ఖాళీ. పొద్దుగుంకే దాకా, అంటే రాత్రి తొమ్మిదిన్నర దాకా, గుట్ట మీద కూర్చుని కింద స్టేజీల వెలుగులు చూస్తూ నాన్నగారికి వీడియో కాల్ చేశాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "పొలం ఎవరిదమ్మా" అన్నారు. పాడి రైతుదని, 1970లో మొదటిసారి టికెట్ ఒక పౌండు పెట్టి పాలు ఉచితంగా పోశారని చెప్పాను. "ఇన్ని కాళ్ళ కింద గడ్డి మళ్ళీ ఎలా మొలుస్తుందో" అన్నారు.

బురద_2016

అందుకే 2026లో పండగ లేదు తల్లీ, నేలకు సెలవు. మీ నాన్నగారికి చెప్పు, ఆయన అడిగింది సరైన ప్రశ్న.

మేడారం_వాలంటీర్

2027కి నేనూ వస్తా. స్టీవార్డు దరఖాస్తులు తెరిచినప్పుడు ఎవరైనా ఇక్కడ ఒక మాట పెట్టండి.