అసర్ట్ మాక్రో సొంతంగా రాసుకోవాలా, ఫంక్షన్ చాలదా?

కోనసీమ_కోడు:
ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం అడుగుల్లో ఇస్తే ఎన్నో వరద హెచ్చరికో చెప్పే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ. హద్దులు తెలిసినవే: 11.75, 13.75, 17.75. టెస్టులు గూగుల్ టెస్ట్‌లో. ఫెయిలైతే ‘యాక్చువల్: ఫాల్స్, ఎక్స్‌పెక్టెడ్: ట్రూ’ అని ఊరుకుంటోంది, ఏ మట్టం దగ్గర తప్పిందో చెప్పదు. సొంత మాక్రో (కంపైల్ అయ్యే ముందే తన చోట కోడు పరిచేసే పొట్టి పేరు) రాయాలా, మామూలు ఫంక్షన్ చాలదా?

గట్టుమీద:
రాయండి. హెల్పర్ ఫంక్షన్‌లో చెక్ పెడితే ఫెయిలైన లైను ఆ ఫంక్షన్‌దే పడుతుంది, పిలిచిన చోటుది కాదు. కాకపోతే మాక్రోని డూ-వైల్‌లో (ఒక్కసారే తిరిగే లూపు) చుట్టండి, లేకపోతే ఎల్స్ ఏ ఇఫ్‌కి అతుక్కుంటుందో తెలీదు. ఆర్గ్యుమెంటుని ముందే ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి. గేజి చదివే ఫంక్షన్నే ఆర్గ్యుమెంటుగా ఇస్తే పోల్చడానికోసారి, మెసేజికోసారి నడుస్తుంది. తప్పింది 11.74 దగ్గర, మెసేజిలో కనబడేది 11.76! ఇక వెతుక్కోవడమే.

మండపేట_మాష్టారు:
లైను పోతుందన్నది సగమే నిజమండి. ఫంక్షన్ చేత అసర్షన్ రిజల్ట్ (పాసో ఫెయిలో, దాంతోపాటు మెసేజి మోసే గూగుల్ టెస్ట్ టైపు) తిరిగి ఇప్పించి, దాన్ని టెస్టులోనే ఎక్స్‌పెక్ట్ ట్రూలో పెట్టండి. లైను టెస్టుదే పడుతుంది. అసర్షన్ ఫెయిల్యూర్‌కి బాణాలతో (<<) మట్టం, వచ్చిన హెచ్చరిక, రావాల్సిన హెచ్చరిక తగిలిస్తే మెసేజిలో అన్నీ ఉంటాయి. ఎక్స్‌ప్రెషన్లు రాసినవి రాసినట్టు కావాలంటే ఎక్స్‌పెక్ట్ ప్రెడ్ ఫార్మాట్ 2 ఉంది: ఫంక్షన్‌కి రెండు పాఠాలు, రెండు విలువలు అందుతాయి. డూ-వైల్‌లో చుట్టారా, చివర బాణాలతో ఇంకో మాట చేర్చే వీలు పోయినట్టే. టెంప్లేటులో కామా ఉంటే మాక్రో దాన్ని రెండు ఆర్గ్యుమెంట్లుగా చీల్చేస్తుంది కూడా.

గట్టుమీద:
బాణాల సంగతి ఒప్పుకున్నా. కానీ ప్రెడ్ ఫార్మాట్ అంటూ ప్రతిచోటా అంత పొడుగు ఎవరు రాస్తారండీ? దానిమీద పొట్టి పేరుతో ఒక్క లైను మాక్రో వేసి, పనంతా ఫంక్షన్‌కి వదిలేయండి.

మండపేట_మాష్టారు:
ఆ ఒక్క లైనుకైతే నాకు అభ్యంతరం లేదు.

లంకల_రేవు:
హెల్పర్‌లో, ఫెయిలైనా ముందుకెళ్లే ఎక్స్‌పెక్ట్ బదులు అక్కడే ఆపేసే అసర్ట్ రకం వాడేరంటే, అది హెల్పర్ లోంచే బయటికొస్తుంది. టెస్టు మాత్రం ఏమీ జరగనట్టు ముందుకెళ్లిపోతుంది. హెల్పర్ వాయిడ్ (ఏ విలువా తిరిగి ఇవ్వనిది) కాకపోతే అసలు కంపైలే అవదు. హద్దుల్ని లూపులో తిప్పుతుంటే స్కోప్డ్ ట్రేస్‌లో మట్టం రాయండి, ఫెయిలైతే మెసేజితోపాటు అదీ కనబడుతుంది. ఇంకోటి, మీటర్లలో పోల్చకండి. మూడు హద్దులూ ముప్పావు మీదున్నాయి కాబట్టి (ముప్పావంటే అర, పావు కలిపినదే) బైనరీలో దాచే దశాంశ టైపు డబుల్‌లో నిక్కచ్చిగా పడతాయి. 0.3048తో గుణించి 3.5814 చేశారా, ఆ నిక్కచ్చితనం పోయి కాస్త తేడా ఉన్నా ఒప్పుకునే ఎక్స్‌పెక్ట్ నియర్ కావాలి. హద్దు మీద ‘దగ్గర దగ్గర’ అంటే ఒకటో హెచ్చరిక ఉందా లేదా అన్నదే తేలదు.

కోనసీమ_కోడు:
ఆయ్, అడుగుల్లోనే ఉంచుతా. మెసేజి తెలుగులో పెట్టొచ్చా మాష్టారూ?

మండపేట_మాష్టారు:
నిక్షేపంలా. ఫైలు తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసి, విజువల్ స్టూడియో కంపైలర్‌కి యూటీఎఫ్-8 స్విచ్ ఇవ్వండి. విండోస్ కన్సోల్‌ని 65001 కోడ్ పేజీకి (అదీ యూటీఎఫ్-8దే) మార్చండి.

గట్టుమీద:
మార్చినా పాత కన్సోల్‌లో ఒత్తులు ఎక్కడివక్కడ విడిపోతాయి. నేనైతే ఇంగ్లీషులోనే ఉంచుతా.